వెబ్ సర్వర్ మాడ్యూళ్లలో షేర్డ్ లైబ్రరీ లింకింగ్ వైఫల్యాలు: కారణాలు – నిర్ధారణ – నివారణ

వ్యాససంగ్రహం:

సొంత అవసరాల కోసం రాసుకున్న వెబ్ సర్వర్ మాడ్యూలు విడిగా పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసి, సర్వర్‌లో చేర్చిన తరువాత కూలిపోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. ఇటువంటి సందర్భాల్లో దోషం చాలాసార్లు మాడ్యూలు రాసిన ప్రోగ్రామ్ వాక్యాలలో కాక, ఆ మాడ్యూలు ఆధారపడిన షేర్డ్ లైబ్రరీలు ఒకే ప్రాసెస్‌లో కలిసే తీరులో ఉంటుంది. అపాచీ సర్వర్‌ను, లినక్స్ వ్యవస్థను ఆధారంగా తీసుకొని ఈ వైఫల్యాలను వర్గీకరించడం, వాటిని క్రమపద్ధతిలో నిర్ధారించే విధానాన్ని వివరించడం, నివారణ మార్గాల గుణదోషాలను చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అపాచీ, మాడ్యూలు, షేర్డ్ లైబ్రరీ, సింబల్, డైనమిక్ లోడర్, సెగ్మెంటేషన్ ఫాల్ట్.

1. ఉపోద్ఘాతం:

పరిశోధన సంస్థలు, కళాశాలలు తమ డిజిటల్ సంచయాలను అంతర్జాలంలో ఉంచేటప్పుడు వెబ్ సర్వర్ సహజంగా ఇచ్చే సౌకర్యాలు కొన్నిసార్లు సరిపోవు. తెలుగు పదసూచికను అకారాది క్రమంలో అమర్చడం, ఎక్స్ఎంఎల్ రూపంలో ఉన్న గ్రంథ వివరాలను చదివి పుటగా మార్చడం వంటి పనుల కోసం సి లేదా సి ప్లస్ ప్లస్ భాషలో ప్రత్యేక మాడ్యూళ్లు రాసుకోవలసి వస్తుంది. అవి సర్వర్‌తో పాటు ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి. అందువల్ల వేగం లభిస్తుంది. అదే కారణంగా మాడ్యూలులో జరిగిన తప్పు సర్వర్ మొత్తానికీ తగులుతుంది.

ఈ వైఫల్యం బయటికి కనిపించే తీరు మోసపూరితమైనది. అపాచీ ప్రీఫోర్క్ పద్ధతిలో ఒక చైల్డ్ ప్రాసెస్ కూలిపోతే పేరెంట్ ప్రాసెస్ దాని స్థానంలో మరొకదాన్ని సృష్టిస్తుంది. చదువరికి ఒక ఖాళీ పుట కనిపిస్తుంది. మళ్లీ ప్రయత్నిస్తే పుట వచ్చేస్తుంది. ఎర్రర్ లాగ్‌లో మాత్రం చైల్డ్ ప్రాసెస్ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో, అంటే 11వ సంఖ్య గల సిగ్నల్‌తో నిష్క్రమించినట్లు ఒక పంక్తి నమోదవుతుంది. అనేక థ్రెడ్లతో నడిచే వర్కర్, ఈవెంట్ పద్ధతుల్లో ఒక అభ్యర్థన వల్ల కూలిన ప్రాసెస్ తనలో ఉన్న ఇతర అభ్యర్థనలనూ తనతో తీసుకుపోతుంది. సర్వర్ తిరిగి కోలుకుంటోంది కదా అని ఉపేక్షించడం ప్రమాదకరం. మెమరీని తప్పుగా చదివిన ప్రతిసారీ ప్రాసెస్ కూలిపోదు. కొన్నిసార్లు తప్పుడు విలువతోనే ముందుకు సాగి, తప్పుడు ఫలితాన్ని సరైన ఫలితం వలె అందిస్తుంది. పరిశోధకులు ఆధారపడే సంచయానికి కూలిపోవడం కంటే ఇదే పెద్ద నష్టం.

2. లింకింగ్ జరిగే తీరు:

సమస్యను అర్థం చేసుకోవాలంటే ముందుగా మాడ్యూలు సర్వర్‌లో ఎలా చేరుతుందో తెలుసుకోవాలి. లినక్స్‌లో షేర్డ్ లైబ్రరీలు, ప్రోగ్రామ్ ఫైళ్లు ఎల్ఫ్ అనే నిర్మాణంలో ఉంటాయి. ప్రతి ఫైల్‌లోనూ అది బయటికి అందించే సింబళ్ల పట్టిక, ఇతరుల నుంచి ఆశించే సింబళ్ల పట్టిక, తనకు అవసరమైన లైబ్రరీల పేర్లు ఉంటాయి. ప్రోగ్రామ్ ప్రారంభమైనప్పుడు డైనమిక్ లోడర్ ఆ లైబ్రరీలను మెమరీలోకి తెచ్చి, ఆశించిన ప్రతి పేరునూ ఎక్కడో ఒకచోట నిర్వచితమైన చిరునామాతో ముడివేస్తుంది.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, సి భాషలో సింబల్ అంటే పేరు మాత్రమే. ఆ ఫంక్షన్ ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, అది వాడే స్ట్రక్చర్ పరిమాణం ఎంత అనే సమాచారం ఆ పేరులో ఉండదు. రెండవది, వెతికే వరుస. పేరు కోసం లోడర్ మొదట ప్రధాన ప్రోగ్రామ్‌లో, తరువాత దాని లైబ్రరీలలో, ఆ తరువాత గ్లోబల్ పరిధిలో చేరిన ఇతర ఫైళ్లలో వెతుకుతుంది. చిట్టచివరికి గాని, పేరు అడిగిన మాడ్యూలు తన వెంట తెచ్చుకున్న లైబ్రరీల వంతు రాదు. మొదట దొరికిన నిర్వచనమే ఖాయమవుతుంది.

ఊరిలో ఒకే పేరు గలవారు ఇద్దరున్నప్పుడు, ఇంటిపేరు లేకుండా వచ్చిన ఉత్తరం వీధిలో మొదట కనబడిన వ్యక్తికి చేరుతుంది. లోడర్ ప్రవర్తన కూడా ఇటువంటిదే. ఉత్తరం అందుకున్నవాడు అసలు గ్రహీత కాడని తెలిసేది, దాన్ని విప్పి చదివిన తరువాతనే.

అపాచీలో ‘లోడ్‌మాడ్యూల్’ అనే ఆదేశాన్ని మాడ్_ఎస్ఓ నిర్వహిస్తుంది. అది ఏపీఆర్ లైబ్రరీ ద్వారా ‘డీఎల్ఓపెన్’ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఏపీఆర్ మూలప్రతి ఈ పిలుపులో రెండు ఫ్లాగులు వాడుతుంది. ‘ఆర్‌టీఎల్‌డీ_నౌ’ వల్ల పేర్లన్నీ లోడ్ సమయంలోనే ముడిపడతాయి. ‘ఆర్‌టీఎల్‌డీ_గ్లోబల్’ వల్ల మాడ్యూలు సింబళ్లు తరువాత వచ్చే మాడ్యూళ్లకూ కనబడతాయి. లినక్స్ పంపిణీలు తమ ప్యాచ్‌ల ద్వారా ఈ ఫ్లాగులను మార్చే వీలుంది గనుక, వాడుతున్న ప్యాకేజీని పరిశీలించడం మేలు. సర్వర్ ప్రోగ్రామ్ కూడా తన సింబళ్లను బహిర్గతం చేస్తుంది. ‘ఏపీ_’ అనే ముందుభాగంతో మొదలయ్యే ఫంక్షన్లు మాడ్యూళ్లకు అందేది ఈ ఏర్పాటు వల్లనే. ఎన్‌జిన్ఎక్స్ సర్వర్ కూడా 1.9.11 వెర్షన్ నుంచి డైనమిక్ మాడ్యూళ్లను అనుమతిస్తోంది. కావున ఈ చర్చలోని ప్రధానాంశాలు దానికీ వర్తిస్తాయి.

3. వైఫల్యాల వర్గీకరణ:

3.1. లోడ్ దశలో ఆగిపోవడం:

ఇది అన్నింటిలోకీ మేలైన వైఫల్యం. సర్వర్ ప్రారంభం కాదు, కారణం లాగ్‌లో కనిపిస్తుంది. ఫలానా సింబల్ నిర్వచితం కాలేదనో, ఫలానా లైబ్రరీ ఫైల్‌ను తెరవలేకపోయామనో సందేశం వస్తుంది. సి ప్లస్ ప్లస్ మాడ్యూలును సి కంపైలర్ ద్వారా లింక్ చేస్తే ‘__జీఎక్స్ఎక్స్_పర్సనాలిటీ_వీ0’ అనే సింబల్ దొరకలేదన్న ఫిర్యాదు వస్తుంది. ఆ భాష ప్రామాణిక లైబ్రరీ లింక్ కాలేదని దాని అర్థం. లింకింగ్‌కు సి ప్లస్ ప్లస్ కంపైలర్‌ను వాడితే, లేదా ఆ లైబ్రరీని స్పష్టంగా పేర్కొంటే సమస్య తీరుతుంది.

తెలుగు పాఠాన్ని నిర్వహించే మాడ్యూళ్లు తరచుగా వాడే ఐసీయూ లైబ్రరీ ఇక్కడ చక్కని ఉదాహరణ. ఐసీయూ తన ఫంక్షన్ల పేర్ల చివర వెర్షన్ సంఖ్యను చేరుస్తుంది. 60వ వెర్షన్‌తో కంపైల్ చేసిన మాడ్యూలు ‘యూ_స్ట్రలెన్_60’ను అడుగుతుంది. వ్యవస్థను నవీకరించినప్పుడు పాత ఐసీయూ తొలగిపోతే ఆ పేరు ఇక దొరకదు. పైకి ఇది ఇబ్బందిగా కనిపించినా, నిజానికి రక్షణ. తప్పు లైబ్రరీతో ముడిపడి మౌనంగా నడవడం కంటే ప్రారంభంలోనే ఆగిపోవడం శ్రేయస్కరం. ఇక్కడ చేయవలసింది మాడ్యూలును కొత్త ఐసీయూతో తిరిగి కంపైల్ చేయడమే.

అపాచీ తనవంతుగా మరో తనిఖీ చేస్తుంది. ప్రతి మాడ్యూలులోనూ అది ఏ సర్వర్ వెర్షన్ కోసం కంపైల్ అయిందో తెలిపే మ్యాజిక్ సంఖ్య ఉంటుంది. 2.2 శ్రేణికి దాని ప్రధాన సంఖ్య 20051115, 2.4 శ్రేణికి 20120211. ఇవి సరిపోలకపోతే సర్వర్ మాడ్యూలును తిరస్కరిస్తుంది. అయితే ఈ తనిఖీ అపాచీకీ మాడ్యూలుకూ మధ్య ఒప్పందాన్ని మాత్రమే చూస్తుంది. మాడ్యూలు తెచ్చుకున్న ఇతర లైబ్రరీల సంగతి దానికి పట్టదు.

3.2. ఒకే పేరు – రెండు లైబ్రరీలు:

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఎక్స్ఎంఎల్‌ను చదివే ఎక్స్‌పాట్ లైబ్రరీ చరిత్ర దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం. అపాచీ 1.3 శ్రేణిలో ‘ఎక్స్‌పాట్-లైట్’ అనే ప్రతి సర్వర్‌లోనే అంతర్భాగంగా ఉండేది. మాడ్_పెర్ల్ ద్వారా నడిచే పెర్ల్ ప్రోగ్రామ్‌లు ఎక్స్ఎంఎల్ పార్సర్ ప్యాకేజీని వాడినప్పుడు, అది ఎక్స్‌పాట్‌కు చెందిన తన ప్రతిని వెంట తెచ్చుకునేది. ఫలితంగా ఒకే ప్రాసెస్‌లో ఒకే పేర్లతో రెండు లైబ్రరీలు ఉండేవి. చైల్డ్ ప్రాసెస్‌లు కూలిపోయేవి. సర్వర్‌ను నిర్మించేటప్పుడే ఎక్స్‌పాట్ నియమాన్ని నిలిపివేయడం నాటి పరిష్కారం. అపాచీలో పైథాన్‌ను నడిపినవారికీ ఇదే సమస్య ఎదురైంది. మాడ్_డబ్ల్యుఎస్‌జీఐ పత్రాలలో దీని వివరణ ఉంది.

కూలిపోవడానికి కారణమయ్యే యంత్రాంగం ఇది. రెండు ప్రతుల్లోనూ ఉన్న పేర్లు, వెతికే వరుస ప్రకారం, సర్వర్‌లోని పాత ప్రతితో ముడిపడతాయి. కొత్త ప్రతిలో మాత్రమే ఉన్న పేర్లు కొత్త ప్రతితో ముడిపడతాయి. అప్పుడు పార్సర్ వస్తువును సృష్టించేది ఒక ప్రతి, దానిపై పనిచేసేది మరొక ప్రతి. లోపలి స్ట్రక్చర్‌లో అంశాల స్థానాలు రెండింటిలో వేరుగా ఉంటే, ఒకరు సంఖ్య రాసినచోట మరొకరు చిరునామాను ఆశిస్తారు. ఆ చిరునామాకు వెళ్లిన క్షణంలో సెగ్మెంటేషన్ ఫాల్ట్ సంభవిస్తుంది.

ఇదే ప్రమాదం ఓపెన్ఎస్ఎస్ఎల్ విషయంలోనూ ఉంది. మాడ్_ఎస్ఎస్ఎల్ ఒక వెర్షన్‌నూ, మరొక మాడ్యూలు వాడే డేటాబేస్ లైబ్రరీ వేరొక వెర్షన్‌నూ తెచ్చిపెట్టవచ్చు. 2016లో విడుదలైన ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.0 తన ప్రధాన స్ట్రక్చర్లను బయటి ప్రోగ్రామ్‌లకు కనబడకుండా దాచడం, సింబళ్లకు వెర్షన్ గుర్తులు చేర్చడం ఈ దిశలో ముందడుగు.

3.3. తొలగించి తిరిగి లోడ్ చేయడం:

అపాచీ ప్రారంభంలో కాన్ఫిగరేషన్‌ను రెండుసార్లు చదువుతుంది. ఆ రెంటి మధ్య మాడ్యూళ్లను మెమరీ నుంచి తొలగించి మళ్లీ లోడ్ చేస్తుంది. సర్వర్‌ను గ్రేస్‌ఫుల్‌గా పునఃప్రారంభించినప్పుడూ ఇదే జరుగుతుంది. మాడ్యూలు తన ఫంక్షన్ చిరునామాను, తొలగిపోని మరొక లైబ్రరీకి కాల్‌బ్యాక్‌గా ఇచ్చి ఉంటే, మాడ్యూలు తొలగిన తరువాత ఆ చిరునామా దిక్కులేనిదవుతుంది. థ్రెడ్ ముగిసేటప్పుడు పిలవవలసిన ఫంక్షన్లు, ఎర్రర్లను నమోదు చేసే కాల్‌బ్యాక్‌లు ఈ కోవలోకి వస్తాయి. మొదటి ప్రారంభం సవ్యంగా ఉండి, పునఃప్రారంభం తరువాతనే వైఫల్యం కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది దీనినే.

4. నిర్ధారణ క్రమం:

మొదటి మెట్టు, కూలిన క్షణాన్ని పట్టుకోవడం. కోర్ ఫైల్ రాయడానికి అనువైన డైరెక్టరీని ‘కోర్‌డంప్‌డైరెక్టరీ’ ఆదేశంతో సూచించాలి. ఆ డైరెక్టరీలో రాసే అనుమతి సర్వర్ నడిచే యూజర్‌కు ఉండాలి. కోర్ పరిమాణంపై వ్యవస్థ విధించిన పరిమితినీ సడలించాలి. మరో మార్గం, సర్వర్‌ను ‘-ఎక్స్’ ఆప్షన్‌తో ఒకే ప్రాసెస్‌గా జీడీబీ డీబగ్గర్ కింద నడిపి, దోషాన్ని కలిగించే అభ్యర్థనను పంపడం.

రెండవ మెట్టు, బ్యాక్‌ట్రేస్‌ను చదవడం. ఏ ఫంక్షన్‌లో కూలింది అన్నదానికంటే ఆ ఫంక్షన్ ఏ ఫైల్ నుంచి వచ్చింది అన్నది ముఖ్యం. మాడ్యూలు పిలిచిన ఎక్స్‌పాట్ ఫంక్షన్, మాడ్యూలుతో వచ్చిన లైబ్రరీలో కాక సర్వర్ ప్రోగ్రామ్‌లోనో వేరొక మాడ్యూలులోనో ఉన్నట్లు కనిపిస్తే దోషం దాదాపు తేలినట్లే. బ్యాక్‌ట్రేస్ పైవరుస కూలిన చోటును చూపుతుంది గాని, తప్పు జరిగిన చోటును చూపదు. మెమరీ పాడైంది ఎప్పుడో, కూలింది ఎప్పుడో కావచ్చు.

మూడవ మెట్టు, ప్రాసెస్‌లో ఉన్న లైబ్రరీల జాబితాను చూడడం. ‘ప్రోక్’ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ సంఖ్య కింద ఉండే ‘మ్యాప్స్’ ఫైల్ దీన్ని తెలుపుతుంది. ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు అక్కడ కనబడితే గట్టి ఆధారం దొరికినట్లే. ‘ఎల్‌డీడీ’ సాధనం మాడ్యూలు సొంత పరివారాన్ని మాత్రమే చూపుతుంది. అదే ప్రాసెస్‌లో ఇతర మాడ్యూళ్లు ఏం తెచ్చాయో చూపదు. కావున దాని ఫలితాన్ని మాత్రమే నమ్మి నిర్ణయానికి రాకూడదు.

నాల్గవ మెట్టు, సింబళ్ల పోలిక. ఒక లైబ్రరీని స్టాటిక్‌గా మాడ్యూలులోనే కలిపివేసినట్లయితే అది మ్యాప్స్‌లో గాని, ఎల్‌డీడీలో గాని విడిగా కనిపించదు. ‘ఎన్ఎమ్’ సాధనాన్ని ‘-డీ’ ఆప్షన్‌తో సర్వర్ ప్రోగ్రామ్‌పై, ప్రతి మాడ్యూలుపై, ప్రతి లైబ్రరీపై నడిపి, ఒకటికి మించిన ఫైళ్లలో నిర్వచితమైన పేర్లను ఏరాలి. బయటికి కనిపించని అంతర్గత సింబళ్లు ఈ జాబితాలో రావు. అవి ఘర్షణకూ కారణం కావు.

ఐదవ మెట్టు, ముడి ఎక్కడ పడిందో నేరుగా చూడడం. ‘ఎల్‌డీ_డీబగ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ‘బైండింగ్స్’ అనే విలువ ఇచ్చి సర్వర్‌ను నడిపితే, ఏ ఫైల్‌లోని ఏ పేరు ఏ ఫైల్‌తో ముడిపడిందో లోడర్ తానే రాసి ఇస్తుంది. ‘ఎల్‌డీ_డీబగ్_అవుట్‌పుట్’ ద్వారా ఆ సమాచారాన్ని ఫైల్‌లోకి మళ్లించవచ్చు. సిస్టమ్‌డీ ప్రారంభించే సర్వీసుకు మన షెల్‌లోని వేరియబుళ్లు అందవు. అందుచేత ఈ పరీక్షలో సర్వర్‌ను నేరుగా నడపాలి. అయిదు మెట్లలోనూ సందేహానికి తావివ్వని సాక్ష్యం ఇదే.

లోడ్‌మాడ్యూల్ పంక్తుల వరుసను మార్చినప్పుడు వైఫల్యం మాయమైతే, దాన్ని పరిష్కారంగా భావించే అలవాటు ఉంది. అది పరిష్కారం కాదు, పేర్ల ఘర్షణ ఉందనడానికి సాక్ష్యం. వరుస మారడంతో ముడి మరో ప్రతితో పడింది. ఇప్పుడు తప్పుడు ప్రతిని వాడుతున్నది వేరొక మాడ్యూలు కావచ్చు.

5. నివారణ మార్గాలు:

5.1. ఒకే ప్రతిని వాడడం: సర్వర్ ఏ ఎక్స్‌పాట్‌ను, ఏ ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను వాడుతోందో మాడ్యూలు కూడా దానితోనే లింక్ కావాలి. కంపైల్ చేయడానికి ‘ఏపీఎక్స్ఎస్’ సాధనాన్ని వాడితే సర్వర్‌ను నిర్మించిన ఆప్షన్లే మాడ్యూలుకూ వర్తిస్తాయి. సాధ్యమైన ప్రతిచోటా ఇదే ఉత్తమ మార్గం.

5.2. సింబళ్లను దాచడం: వేరే ప్రతి తప్పనిసరి అయినప్పుడు దాన్ని స్టాటిక్‌గా కలిపి, దాని పేర్లు బయటికి కనిపించకుండా చేయాలి. జీసీసీలో విజిబిలిటీని ‘హిడెన్’గా పెట్టడం, లింకర్‌కు ‘ఎక్స్‌క్లూడ్-లిబ్స్’ ఆప్షన్ ఇవ్వడం, లేదా వెర్షన్ స్క్రిప్ట్ రాయడం ఇందుకు ఉపాయాలు. మాడ్యూలు ప్రధాన స్ట్రక్చర్ ఒక్కటి మాత్రం బహిర్గతంగా ఉండాలి. లేకపోతే అపాచీ దాన్ని కనుగొనలేదు. స్టాటిక్ లైబ్రరీని చిరునామాతో నిమిత్తం లేని కోడ్‌గా, అంటే ‘-ఎఫ్‌పీఐసీ’ ఆప్షన్‌తో కంపైల్ చేసి ఉండాలి.

5.3. పేరు మార్చడం: ఇంటిపేరు చేర్చడం వంటిది ఇది. పైథాన్ తన మూలప్రతిలో కలుపుకున్న ఎక్స్‌పాట్ ఫంక్షన్లన్నింటికీ ‘పైఎక్స్‌పాట్_’ అనే ముందుభాగాన్ని ఒక హెడర్ ఫైల్ ద్వారా చేర్చి ఘర్షణను తొలగించుకుంది. ఐసీయూ పద్ధతి కూడా ఈ కోవలోనిదే. పేరు మార్పును నిలిపివేసే ఆప్షన్‌తో ఐసీయూను నిర్మించడం ఈ రక్షణను చేజేతులా వదులుకోవడమే అవుతుంది.

5.4. వెతికే వరుసను మార్చడం: లింకర్‌లోని ‘బీసింబాలిక్’ ఆప్షన్ వల్ల లైబ్రరీ తన సొంత నిర్వచనాలకే ప్రాధాన్యం ఇస్తుంది. ‘ఆర్‌టీఎల్‌డీ_డీప్‌బైండ్’ ఫ్లాగు లోడ్ చేసేటప్పుడు ఇటువంటి పనే చేస్తుంది. అయితే డీప్‌బైండ్ వల్ల, మెమరీ కేటాయింపు ఫంక్షన్ల స్థానంలో తమ ఫంక్షన్లను నిలిపే సాధనాలతో చిక్కులు వస్తాయి. మొదటి మూడు మార్గాలు కుదరనప్పుడే దీన్ని ఆశ్రయించాలి.

5.5. వేరు ప్రాసెస్‌గా నడపడం: ఫాస్ట్‌సీజీఐ లేదా ప్రాక్సీ పద్ధతిలో, ఆ పనిని స్వతంత్రంగా ప్రారంభమయ్యే ప్రోగ్రామ్‌కు అప్పగిస్తే ఘర్షణకే తావుండదు. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. అపాచీ నుంచి ఫోర్క్ ద్వారా మాత్రమే పుట్టిన ప్రాసెస్, పేరెంట్ మెమరీలోని లైబ్రరీలన్నింటినీ వారసత్వంగా పొందుతుంది. మాడ్_డబ్ల్యుఎస్‌జీఐ డీమన్ ప్రాసెస్‌లు ఇటువంటివే. వాటికి ఈ ఘర్షణ నుంచి విముక్తి లేదు. కొత్త ప్రోగ్రామ్‌గా ఎగ్జెక్ అయినప్పుడే మెమరీ పటం కొత్తది అవుతుంది.

5.6. తొలగింపుకు సిద్ధపడడం: మాడ్యూలు నమోదు చేసిన ప్రతి కాల్‌బ్యాక్‌నూ కాన్ఫిగరేషన్ పూల్ ముగిసేటప్పుడు ఉపసంహరించేలా, ఏపీఆర్ పూల్ క్లీనప్‌గా నమోదు చేయాలి. ఉపసంహరించే వీలులేని లైబ్రరీలను ‘నోడిలీట్’ గుర్తుతో లింక్ చేస్తే అవి మెమరీ నుంచి తొలగిపోవు.

నిర్మాణ సమయంలో చేయదగిన తనిఖీ మరొకటి ఉంది. నిర్వచితం కాని సింబళ్లు మిగిలితే లింకింగ్‌ను ఆపివేసే ‘-జెడ్ డెఫ్స్’ ఆప్షన్‌ను అపాచీ మాడ్యూళ్లకు నేరుగా వాడలేము. ‘ఏపీ_’ పేర్లు సర్వర్ ప్రోగ్రామ్ నుంచి రావలసినవి గనుక, అవి ఆ దశలో నిర్వచితం కావు. దీనికి బదులు, తయారైన మాడ్యూలులో నిర్వచితం కాని పేర్లను ఎన్ఎమ్‌తో జాబితా చేసి, అపాచీ, ఏపీఆర్, పేర్కొన్న లైబ్రరీలు ఇవ్వగల పేర్లను తీసివేయాలి. ఏ ఒక్కటి మిగిలినా అది ముందే దొరికిన దోషం.

6. ఉపసంహారం:

పై చర్చ వల్ల తేలే అంశాలు ఇవి. షేర్డ్ లైబ్రరీ వైఫల్యాలకు మూలం, పేరు తప్ప మరేదీ చూడని లోడర్ స్వభావంలో ఉంది. పేరు దొరకనప్పుడు సర్వర్ ఆగిపోతుంది. తప్పుడు చోట దొరికినప్పుడు కూలిపోతుంది లేదా తప్పుడు ఫలితం ఇస్తుంది. మొదటిదాన్ని చూసి కలవరపడనవసరం లేదు. రెండవదాన్ని పునఃప్రారంభంతో సరిపెట్టకూడదు.

డిజిటల్ సంచయాలను నిర్వహించే సంస్థలు మాడ్యూలు మూలప్రతితో పాటు దాన్ని కంపైల్ చేసిన ఆప్షన్లను, లింక్ అయిన లైబ్రరీల వెర్షన్లను, సింబళ్ల జాబితాను కూడా భద్రపరచాలి. వ్యవస్థను నవీకరించిన ప్రతిసారీ మాడ్యూలును తిరిగి నిర్మించి, గ్రేస్‌ఫుల్ పునఃప్రారంభం తరువాత కూడా పరీక్షించాలి. మాడ్యూలు రాసిన విద్యార్థి చదువు ముగించుకొని వెళ్లిన తరువాత, ఆ సంచయం నిలబడేది ఈ నమోదుల మీదనే.